ముక్కనుమ నాడు ఏడు దేశాలు

డిప్లొమసీ అనే బోర్డు ఆటకి ఏడుగురు కావాలి. తక్కువమందితో ఆడే పద్ధతులు కూడా ఉన్నాయి గానీ, ఏడు దేశాలకీ ఏడుగురు మనుషులుంటేనే అది అసలు ఆట. ఆ ఏడుగురూ పొద్దున టిఫిను వేళ నుంచి రాత్రి అన్నాల దాకా ఒకే చోట ఉండాలి. ఫోను వచ్చిందనో, పని పడిందనో మధ్యలో లేచిపోకూడదు. అట్లాంటి ఏడుగురిని కుదర్చడానికి నాకు మూడు సంక్రాంతులు పట్టింది.

ఈసారి కుదిరింది. నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో, ఇందుకూరుపేట మండలంలో మా స్నేహితుడి ఊరుంది. పాతకాలం మిద్దె ఇల్లు, ముందు పెద్ద వరండా, వెనక కొబ్బరి చెట్లు, అవి దాటితే రొయ్యల గుంటలు. మాట్లాడుకోవడానికి చాటు కావాల్సిన ఆట ఇది, అందుకే ఆ ఇంటిని ఎంచుకున్నాం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, ఆ రోజు ఎవరి ఇళ్ళల్లో వాళ్ళున్నారు. ముక్కనుమ నాడు పొద్దున ఎనిమిదిన్నరకల్లా అందరం అక్కడికి చేరాం.

స్నేహితుల పేర్లు రాయను. ఆ రోజంతా మేం ఒకరినొకరం దేశాల పేర్లతోనే పిలుచుకున్నాం, ఇక్కడ కూడా అట్లాగే చెప్తాను.

నాది ఆస్ట్రియా. చీటీలు వేసుకుంటే వచ్చింది. ఇటలీ నా చిన్ననాటి స్నేహితుడు, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఒకే బెంచీ. ఇప్పుడు పుణేలో ఉద్యోగం. వాళ్ళమ్మ నెల్లూరు మూలాపేటలో ఒక్కతే ఉంటుంది. గ్యాస్ బండ అయిపోయినా, కంటి ఆస్పత్రికి పోవాలన్నా ఆమె నాకే ఫోను చేస్తుంది. రష్యా ఆ ఇంటి అబ్బాయి, రొయ్యల సాగు చేస్తాడు. జర్మనీ మా క్లాస్‌మేట్, ఒంగోల్లో బ్యాంకు ఉద్యోగం. ఇంగ్లండ్ ఆమె భర్త, మేమంతా బావగారూ అంటాం. ఫ్రాన్స్ మాకు రెండేళ్ళు సీనియర్, బెంగళూరు నుంచి వచ్చాడు, తక్కువ మాట్లాడే మనిషి. టర్కీ ఆడాల్సిన వాడు ఆ రోజు పొద్దున ఫోను చేశాడు. పిల్లాడికి జ్వరం, రాలేనన్నాడు.

ఆరుగురం వరండాలో నిలబడి ఏం చేద్దామా అనుకుంటుంటే రష్యా వాళ్ళ నాన్న పడక కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. మేమంతా ఆయన్ని మామా అంటాం. చాలా ఏళ్ళు అక్కడి నీటి సంఘానికి అధ్యక్షుడిగా చేశాడు. కాలవ చివరి పొలాలకి నీళ్ళు ఎక్కని ఏడాది ఆయన అరుగు మీద తెల్లవార్లూ పంచాయితీలు జరిగేవి. కుర్రతనంలో రామాలయం బండ మీద పులిజూదం ఆడేవాడట, మూడు పులులు, పదిహేను మేకలు. పేపరు దించకుండానే అడిగాడు.

“పాచికలు యాడుండాయిరా?”

“పాచికలు లేవు మామా.”

“పేకముక్కలా?”

“అవీ లేవు.”

“మరి దేంతో ఆడతారు?”

“మాటలతో” అన్నాను.

పేపరు మడిచి పక్కన పెట్టాడు. అట్లా మాకు టర్కీ దొరికింది.

బోర్డు గురించి చెప్పాలి, ఎందుకంటే దాని మీద నేను పది రోజులు పెట్టాను. ఈ ఆట పెట్టె తెప్పించుకోవచ్చు గానీ, నాకు పటం మీద పేర్లు తెలుగులో కావాలనిపించింది. నిబంధనలు ఇంటర్నెట్లో దొరుకుతాయి. పటాన్ని నేనే కంప్యూటర్లో గీసుకుని, ట్రంక్ రోడ్డు దగ్గర ఫ్లెక్సీలు వేసే కొట్టులో నాలుగడుగుల వెడల్పున కొట్టించాను. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందటి యూరప్ అది. మొత్తం 75 ప్రాంతాలు, 56 నేల మీద, 19 సముద్రంలో. నేల మీద దండులకి చింతపిక్కలు, సముద్రంలో ఓడలకి గవ్వలు. ఏడు దేశాలకి ఏడు రంగుల గోళ్ళ రంగు వేశాం. ఆ పని మా ఆవిడా, పిల్లలూ పండగ ముందు రెండు రాత్రులు కూర్చుని చేశారు. నెల్లూరులో ఏ ఇంట్లోనైనా చింతపిక్కలకి కరువుండదు, గవ్వలు మైపాడు ఒడ్డున ఏరుకొచ్చాం. ఆ పిక్కలు పటం మీద వరసగా పేర్చిన క్షణం నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

కారం దోసెలు తిని, తొమ్మిదిన్నరకి కూర్చున్నాం. మామకి నిబంధనలు చెప్పడంలోనే మిగతావాళ్ళకీ మరొకసారి గుర్తొచ్చాయి. పటంలో 34 ప్రాంతాలకి చుక్క గుర్తుంటుంది. అక్కడి నుంచి సైన్యానికి తిండి వస్తుందన్నమాట. వాటికి మేం గాదెలని పేరు పెట్టాం. ఎన్ని గాదెలుంటే అన్ని పిక్కలో గవ్వలో ఉంచుకోవచ్చు. రష్యాకి మొదట్లో నాలుగు, మిగతా అందరికీ మూడేసి. 18 గాదెలు ఎవరికి వస్తే వాళ్ళు గెలిచినట్టు. ఆట 1901 వసంతంలో మొదలవుతుంది. ఏడాదికి రెండు ఎత్తులు, వసంతంలో ఒకటి, శరత్తులో ఒకటి. శరత్తు అయ్యాకే గాదెలు లెక్కపెడతారు. ఇది విన్న మామ, “అంటే మొదటి కారు, రెండో కారు. రెండో కారు పంట ఇంటికొచ్చినాకే లెక్క” అన్నాడు. అప్పట్నుంచీ మాకు అవే మాటలు.

ఒక ప్రాంతంలో దండైనా ఓడైనా ఒకటే ఉండాలి. నా దండు, నీ దండు ఒకే చోటికి బయల్దేరితే బలం సమానం కాబట్టి ఢీకొని ఎవరి చోట వాళ్ళుంటారు. పక్కనుండే ఇంకో దండు కదలకుండా అండ ఇస్తే ఒకటి రెండవుతుంది, రెండు ఒకటిని తోసేస్తుంది. అండ ఇచ్చే దండు మీద ఎవరైనా పడితే ఆ అండ తెగిపోతుంది. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, అండ ఇచ్చేది నీ దండే కానక్కర్లేదు, పక్క దేశం వాళ్ళది కూడా కావచ్చు. ఆట మొత్తం ఇక్కడే ఉంది. ఒంటరిగా ఎవరూ ఎక్కడికీ పోలేరు. ఎవరో ఒకరి అండ అడుక్కోవాలి, ఎవరో ఒకరికి ఇవ్వాలి. అయితే ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలని నిబంధనల్లో ఎక్కడా లేదు. అందరూ పావుగంట సేపు ఎవరితో కావాలంటే వాళ్ళతో చాటుగా మాట్లాడుకుంటారు, తర్వాత ఎవరి ఎత్తు వాళ్ళు చీటీ మీద రాసి డబ్బాలో వేస్తారు. అన్ని చీటీలూ ఒకేసారి తెరుస్తారు. నీకు చెప్పిందేమిటో, అక్కడ రాసిందేమిటో అప్పుడు తెలుస్తుంది.

దీన్ని తయారుచేసినాయన అమెరికావాడు, అలన్ కాల్హామర్. 1954లో రూపం ఇచ్చి, ఎవరూ అచ్చు వేయకపోతే 1959లో తనే 500 పెట్టెలు చేయించి అమ్మాడు. తర్వాతి రోజుల్లో పోస్ట్‌మన్‌గా పనిచేశాడు. 1960లలో ఈ ఆటని దూరాల్లో ఉన్నవాళ్ళు ఉత్తరాలు రాసుకుంటూ ఆడారు. ఇది చెప్తే మామకి నచ్చింది. “ఉత్తరాలు మోసినాయనకి మాట ఇలవ తెలస్తది” అన్నాడు.

మొదటి బేరాలకి అరగంట. జర్మనీ వాళ్ళ పాప, ఎనిమిదేళ్ళది, చీటీలకి స్టీలు డబ్బా పట్టుకుని, ఫోనులో అలారం పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. అందరం లేచాం.

ఇటలీతో నా బేరం ఒక నిమిషంలో అయిపోయింది. పటంలో ఆట మొదలయ్యేటప్పటికే గోడకి గోడ ఆనుకున్న రెండు సొంత గాదెలు వేరే దేశాలవి ఇంకెక్కడా లేవు, నా ట్రియెస్ట్, వాడి వెనిస్ మాత్రమే. అందుకే ఈ ఇద్దరూ కొట్టుకుంటే ఇద్దరూ త్వరగా పోతారు. “నేను ట్రియెస్ట్‌కి రానురా” అన్నాడు. “నేను వెనిస్‌కి రాను” అన్నాను. అంతే. తర్వాత కొబ్బరి చెట్ల కింద కూర్చుని టర్కీ మీదికి ఎట్లా పోవాలో మాట్లాడుకున్నాం. ఇటలీ తన దండుని ఓడల మీద ఎక్కించి సముద్రం దాటించి టర్కీ వెనక దించాలి, నేను ముందు నుంచి నెట్టాలి. ఈ ఎత్తుగడకి ఆటగాళ్ళు లెపాంటో అని పేరు పెట్టుకున్నారు, 1571లో టర్కీ ఓడలు ఓడిపోయిన యుద్ధం పేరు.

రష్యాతో మాత్రం పని ఉంది. మా ఇద్దరి మధ్య గెలీషియా అనే ప్రాంతం. అందులోకి వాడి దండు వస్తే నా వియన్నా, బుడాపెస్ట్ రెండూ వాడి చేతికి అందుతాయి. డాబా మీదికి తీసుకుపోయి అడిగాను, “గెలీషియా ఖాళీగా ఉంచుదాంరా, నువ్వూ రావద్దు, నేనూ రాను” అని. “చూద్దాంలేరా, మనమేమన్నా పరాయోళ్ళమా” అన్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు. నేను నిశ్చింతగా దిగొచ్చి వియన్నా దండుని కదలకుండా ఉంచుతున్నట్టు రాశాను.

చీటీలు తెరిస్తే వాడి వార్సా దండు గెలీషియాలో ఉంది.

“రానన్నావు కదరా!”

“యాడన్నాను? చూద్దాంలే అన్నా.”

నిజమే. వాడు రానని అనలేదు. నేనే ఆ మాటకి ఆ అర్థం వేసుకున్నాను. మామ తన కొడుకుని చూసి, “మా నాయన పోలిక” అన్నాడు మురిపెంగా.

ఆ క్షణం నుంచి ఆ రోజంతా నేను మనుషుల మాటల చివరలు వినడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్న భాషే, ఎప్పుడూ ఇట్లా వినలేదు. “చూద్దాంలే” అంటే లేదని చెప్పడానికి మొహమాటం. “అట్నే” అంటే విన్నానని, ఒప్పుకున్నానని కాదు. “చేద్దాం” అన్న మాటలో నేనూ ఉంటాను, నువ్వూ ఉంటావు, రేపు చెయ్యకపోతే తప్పు ఇద్దరిదీ కాదు. “చేస్తా” అన్నప్పుడే మనిషి తనని తాను ఆ మాటకి కట్టేసుకుంటాడు. మన ఇళ్ళల్లో అప్పు అడిగినప్పుడు, పెళ్ళిసంబంధం మాట్లాడినప్పుడు, వాటా పంచుకున్నప్పుడు ఈ తేడా మన పెద్దవాళ్ళందరికీ తెలుసు. మామకి తెలుసు. ఆయన ఆ రోజు మొత్తంలో “చేస్తా” అన్నది మూడు నాలుగు సార్లకి మించదు, అన్న ప్రతిసారీ చేశాడు.

రెండో కారు బేరాల్లో రష్యాని మళ్ళీ డాబా ఎక్కించాను. ఈసారి “చూద్దాంలే” అంటే ఒప్పుకోలేదు. “వియన్నాకి వస్తావా, రావా? బుడాపెస్ట్‌కి వస్తావా, రావా? ఒక మాట చెప్పు” అని పట్టుబట్టాను. చాలాసేపు గోడ మీద గోరుతో గీస్తూ నిలబడ్డాడు. చివరికి, “రెంటికీ రాను. గెలీషియా నుంచి నా దండుకే అండ ఇచ్చి రుమేనియా తీసుకుంటా” అన్నాడు. రాను, తీసుకుంటా. ఆ రెండు మాటలనీ నమ్మి బుడాపెస్ట్‌ని ఖాళీగా వదిలేశాను. వాడు అచ్చం చెప్పినట్టే చేశాడు. నాకు సెర్బియా, గ్రీస్ వచ్చాయి, మూడు గాదెలు ఐదయ్యాయి. ఇటలీ ఓడల మీద దండుని దాటించి ట్యూనిస్ తీసుకున్నాడు. టర్కీకి బల్గేరియా.

1902లో బల్గేరియా కోసం మామకీ నాకూ జరిగిన పోరు గురించి ఎంతైనా రాయొచ్చు. సెర్బియా నుంచి నా దండు, గ్రీస్ నుంచి నా ఓడ అండ. ఇద్దరం. మామ దండు బల్గేరియాలో, కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఇంకో దండు అండ. వాళ్ళూ ఇద్దరే. మొదటి కారు మొత్తం ఢీకొని ఎక్కడివాళ్ళం అక్కడే ఉన్నాం. మూడో అండ రుమేనియాలో ఉన్న రష్యా ఇవ్వాలి, అంటే తండ్రి మీద కొడుకు ఇవ్వాలి. నేను పోయేసరికి మామ అప్పటికే కొడుకుతో పెరట్లో మాట్లాడుతున్నాడు. నా వంతు వచ్చాక రష్యా చెప్పాడు, “మా నాయన నల్లసముద్రం ఒదలనంటుండాడు. నీకు అండ ఇస్తా.” ఇచ్చాడు. మూడు రెండుని తోసేసింది. బల్గేరియా నాదైంది. మామ కళ్ళజోడు తీసి పంచె చెరుగుతో తుడుచుకుని, “నీళ్ళ కాడ నేనే వాడికి నేర్పినా” అన్నాడు. కొడుకు తల వంచుకున్నాడు. ఆట లోపలి మాటే అయినా అక్కడ అందరం ఒక నిమిషం మౌనంగా ఉండిపోయాం.

ఒకటింపావుకి భోజనాలు. అత్త ముందురోజు రాత్రే బొచ్చె చేపల పులుసు చేసి పెట్టింది, పులుసు మర్నాటికే రుచి. రొయ్యల వేపుడు, మజ్జిగ. అన్నాల దగ్గర ఆట మాట ఎత్తకూడదని అత్త షరతు పెట్టింది, అందరం పాటించాం. బావగారూ, జర్మనీ మాత్రం కళ్ళతో ఏదో మాట్లాడుకుంటూనే ఉన్నారు. భార్యాభర్తలు పక్కపక్క దేశాలైతే మిగతావాళ్ళకి ఒక అనుమానం ఎప్పుడూ ఉంటుంది. కానీ చివరికి ఆమె మీద మొదట పడింది ఆయనే. అది ఉత్తరాన జరిగిన కథ, నేను దగ్గరగా చూడలేదు.

భోజనాల తర్వాత 1903 త్వరగా గడిచింది. ఇటలీ దండు సిరియాలో దిగి స్మిర్నా పట్టింది. టర్కీకి రెండు గాదెలు మిగిలాయి, కాన్‌స్టాంటినోపుల్, అంకారా. నాకు ఆరు, ఇటలీకి ఐదు. చిన్నప్పుడు ఇద్దరం ఒక సైకిలు తొక్కుతూ జొన్నవాడ తిరణాలకి పోయిన రోజులాగా ఉంది నాకు ఆ మధ్యాహ్నం. వాడు ఏం రాస్తాడో అడగక్కర్లేదు, నేను ఏం రాస్తానో వాడు అడగలేదు.

1904లో నాకు దారి కనిపించలేదు. తూర్పున మిగిలినవి ఇటలీ చేతికే దగ్గర. ఉత్తరాన రష్యా బలంగా ఉన్నాడు. ఆరు గాదెల దగ్గర నేను ఆగిపోతాను, మిగతావాళ్ళు పెరుగుతారు. పటం మీద వంగి చూస్తుంటే వెనిస్ తప్ప నేను పోగల చోటు ఇంకొకటి లేదు. అప్పుడే రష్యా వచ్చి, “నువ్వు ఇటలీ మీదికి పోతే గెలీషియా వైపు నీ జోలికి రాను” అన్నాడు. ‘రాను’ అన్నాడు. వాడు ఆ మాట అంటే రాడని నాకు తెలుసు.

రెండో కారు బేరాలకి ఇటలీ, నేను రొయ్యల గుంట గట్టు మీదికి నడిచాం. నాలుగు దాటింది. గుంటలో ఏరేటర్లు తిరుగుతున్నాయి, ఆ చప్పుడులో గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. ఫ్రాన్స్ ఓడలన్నీ ఇంగ్లండ్ వైపు ఉన్నాయి, వాళ్ళ గాదె మార్సెయ్ ఖాళీ, వెనిస్ దండుని దాని పక్కనున్న పీడ్‌మాంట్‌కి పంపితే వచ్చే కారుకి మార్సెయ్ నీదే అని చెప్పాను. చెప్పింది తప్పు కాదు, నిజంగానే మంచి ఎత్తు. వాడు కాసేపు ఆలోచించి, “వెనిస్ ఖాళీ అవుతుంది కదరా” అన్నాడు.

“నువ్వు పో. ఇంటిని నేను చూసుకుంటా” అన్నాను.

అప్పటికే నేను నిర్ణయించుకున్నాను. ఆ మాట అంటున్నప్పుడు నోరు ఎండిపోయింది. పొద్దున్నుంచీ ఎవరి దగ్గర ఏ మాట పట్టుబట్టి తీసుకుంటున్నానో, ఆ మాటే, అదే చివరతో, నేను వాడికి ఇచ్చాను. వాడు సరేనని గట్టు దిగి, పక్కన పెరిగిన పచ్చని వరి పైరుని చూస్తూ నాకన్నా ముందు నడిచాడు.

చీటీలు జర్మనీ చదువుతోంది.

“ఇటలీ. వెనిస్ దండు పీడ్‌మాంట్‌కి.”

తర్వాత నా చీటీ తీసింది. “ఆస్ట్రియా. ట్రియెస్ట్ దండు...” ఆగి నా వైపు చూసింది. “వెనిస్‌కి.”

ఎవరూ మాట్లాడలేదు. నేను చెయ్యి చాపలేదు. వాడే నా ఎర్ర చింతపిక్కని ట్రియెస్ట్ నుంచి తీసి, వెనిస్ మధ్యలో, పేరు కనపడేట్టు పెట్టాడు. “సరే” అన్నాడు.

ఈ ఆటలో మాట తప్పడం తప్పు కాదు. ఆడుతున్న అందరికీ అది తెలుసు, ఆట ఇట్లాగే ఆడతారు. నేను కూడా నాకు అదే చెప్పుకున్నాను. కానీ ఎదురుగా ఉన్నది ఏ ఊరివాడో తెలియని మనిషి కాదు. ముప్పై ఏళ్ళుగా నేను ఏ మాట ఎట్లా అంటానో తెలిసినవాడు. వాడు నమ్మింది ఆస్ట్రియాని కాదు, నన్ను. ఆట నియమం తెలిసి కూడా ఆ తేడా నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

ఏడు గాదెలతో నేను అందరికన్నా ముందున్నాను. టీలు వచ్చాయి. వాడు గ్లాసు పట్టుకుని మామతో పెరట్లోకి వెళ్ళాడు. పావుగంటా అక్కడే ఉన్నారు. నేను పోయి మాట్లాడబోతే వాడు చాలా మామూలుగా చెప్పాడు, “నీతో మాట్లాడనని కాదురా. ఇప్పుడు నువ్వేం చెప్పినా నాకు పనికిరాదు, అంతే.”

1905 మొదటి కారు. ఏజియన్ సముద్రంలో ఉన్న ఇటలీ ఓడ తనకోసం ఏమీ తీసుకోలేదు. మామ దండు కాన్‌స్టాంటినోపుల్ నుంచి బల్గేరియా మీదికి వస్తే దానికి అండ ఇచ్చింది. ఇంకో ఇటలీ ఓడ గ్రీస్ మీద పడి నా అండ తెంచింది. వెనిస్‌ని వెనక్కి తీసుకునే ప్రయత్నం కూడా వాడు చేయలేదు. నేను రష్యాని అండ అడిగాను. “చూద్దాంలే” అన్నాడు, ఆ మాటతోనే నాకు జవాబు తెలిసిపోయింది. బల్గేరియా పోయింది. రెండో కారులో మామ సెర్బియా మీద పడి అక్కడి నా అండ తెంచాడు, ఇటలీ గ్రీస్ పట్టాడు. ఫ్రాన్స్ దగ్గరికి పోయాను, బావగారి దగ్గరికి పోయాను. అందరూ మర్యాదగా విన్నారు. ఎవరూ “చేస్తా” అనలేదు. ఒక్క చీటీతో ఆరుగురి దగ్గరా నా మాట ఒకేసారి చెల్లకుండా పోయింది.

మా ఇద్దరి కొట్లాటలో బాగుపడింది ఫ్రాన్స్. పొద్దున్నుంచీ పది మాటలు కూడా మాట్లాడని మనిషి, ఓడలని మధ్యధరాకి తిప్పి రోమ్, ట్యూనిస్, చివరికి నా దగ్గర్నుంచి వెనిస్ కూడా తీసుకున్నాడు. ఆరున్నరకి జర్మనీ చివరి గాదె పోయింది. ఆమెని ఊరికే కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేక చీటీల తీర్పు మొత్తం ఆమెకే అప్పగించాం. ఎవరి అండ తెగింది, ఎవరు ఎక్కడికి వెనక్కి పోవచ్చు అన్న లెక్కలు ఆమె మాకన్నా చక్కగా చెప్పింది. ఈ ఆట పెట్టేవాళ్ళు ముందుగా ఓడిపోయే మనిషికి ఏం పని ఇస్తారో పొద్దున్నే అనుకుని ఉండాలి. పండగ పూట అంతదూరం వచ్చిన మనిషి ఒక మూల ఫోను చూసుకుంటూ కూర్చోవడం బాగుండదు.

ఇంకొక మాట. పావుగంట అంటే పావుగంటే ఉండాలి. మధ్యాహ్నం కొంచెం సడలించేసరికి ఒక్కో కారు ముప్పావుగంట దాటింది, సాయంత్రం పాప నిద్రపోయాక అలారం ఎవరూ పట్టించుకోలేదు. 1907 రెండో కారు అయ్యేసరికి ఏడున్నర దాటింది. పది గాదెలు దాటింది ఫ్రాన్స్ ఒక్కడే, ఆయనకి పదకొండు. రష్యాకి ఎనిమిది, ఇంగ్లండ్‌కి ఐదు, టర్కీకి నాలుగు, ఇటలీకి మూడు, నాకు నేను మొదలుపెట్టిన మూడే. పద్దెనిమిది ఎవరికీ రాదని తేలింది. అందరూ ఒప్పుకుంటే ఆట ఆపొచ్చు, పటం మీద మిగిలినవాళ్ళందరికీ సమానంగా పోయినట్టు లెక్క. ఒప్పుకున్నాం.

మధ్యాహ్నం రెండు గాదెలతో మిగిలిన మామ నాలుగింటితో లేచాడు. ఎట్లా నిలబడ్డావు మామా అని అడిగాను. “అందరూ నీ మీద కోపంగా ఉండారు, నేను కాస్త పక్కన నిలబడినా” అన్నాడు. తర్వాత నా భుజం తట్టి, “రేపు నీటి సంఘానికి పోటీ చేయబాకు” అన్నాడు. అందరం నవ్వాం, వాడు కూడా నవ్వాడు.

ఇటలీకి రాత్రి పది గంటలకి రైలు. వాడి బ్యాగు మూలాపేట నుంచి పొద్దున్నే తెచ్చుకున్నాడు. నా బండి మీద బయల్దేరాం. మంచు దిగుతోంది, దారి పక్క పైరు మీదుగా చల్లగా వస్తోంది. ఇందుకూరుపేట దాటేదాకా ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత వాడే ఆట ఎత్తాడు. 1902లో ఓడని ముందే ఏజియన్‌కి పంపి ఉంటే ఏమయ్యేది, రష్యాని మొదటే ఎందుకు నమ్మకూడదు, ఇట్లాంటివి. నేను వెనిస్ గురించి చెప్పబోతే, “మంచి ఎత్తేరా అది. నేనైతే వెయ్యలేను” అన్నాడు. దాంట్లో కోపం ఉందేమోనని విన్నాను. లేదు. అలసట ఉంది.

స్టేషన్లో బండి పావుగంట లేటు. ప్లాట్‌ఫాం మీద నిలబడి టీ తాగాం. మళ్ళీ ఎప్పుడొస్తావంటే ఉగాదికి కుదరదు, మే నెలలో అన్నాడు. అమ్మకి రెండో కంటి ఆపరేషన్ ఫిబ్రవరిలో ఉందని, తనకి సెలవు దొరకదని చెప్పాడు. బండి వచ్చి ఆగింది. బ్యాగు లోపల పెట్టి తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“ఇల్లు కాస్త చూసుకోరా” అన్నాడు.

“చూసుకుంటా” అన్నాను.

బండి కదిలేదాకా అక్కడే నిలబడ్డాను.